రాత్రి దగ్గు, ఆయాసం, గుండెల్లో మంట: ఆస్తమా మందు పెంచాలా, ఎసిడిటీ మందు మొదలుపెట్టాలా?

ఊపిరి_లెక్క (ప్రశ్న)

ఆస్తమా ఉన్న పెద్దవాళ్లలో ఒక రకం కేసు గురించి అడుగుతున్నాను. పగలంతా బాగానే ఉంటారు. స్టెరాయిడ్ ఇన్హేలర్ రెండు పూటలా వాడుతున్నారు, పీల్చే పద్ధతి కూడా సరిగ్గానే ఉంది. అయినా వారంలో మూడు నాలుగు రాత్రులు, పడుకున్న రెండు మూడు గంటలకి దగ్గుతో మెలకువ వచ్చేస్తుంది. ఛాతీ పట్టేసినట్టు ఉంటుంది, నోరు పుల్లగా ఉంటుంది. రిలీవర్ (బిగుసుకున్న శ్వాసనాళాలని వెంటనే తెరిచే ఇన్హేలర్) రెండు పఫ్‌లు కొడితే ఒకసారి తగ్గుతుంది, ఇంకోసారి ఏమీ తేడా ఉండదు. భోజనం తర్వాత గుండెల్లో మంట కూడా వారంలో రెండు మూడుసార్లు ఉంది.

నా సందేహాలు మూడు. ఆ రాత్రి దగ్గు ఆస్తమాదా, కడుపులోంచి పైకి తన్నే ఆమ్లానిదా అన్నది ఇంట్లో ఎంతవరకు తేల్చుకోవచ్చు? పీపీఐ మాత్ర (కడుపులో ఆమ్లం తయారీని తగ్గించే మందు) "వేసి చూద్దాం" అంటే ఎంత మోతాదు, ఎన్నాళ్లు? అసలు మంటే లేని ఆస్తమా వాళ్లకి కూడా సైలెంట్ రిఫ్లక్స్ (మంట తెలియకుండానే ఆమ్లం పైకి తన్నడం) అని చెప్పి పాంటాప్రజోల్ అనే పీపీఐ రాసేస్తుంటారు కదా, దానికి ఆధారం ఉందా?

అన్నవాహిక

మూడోదానికే ముందు జవాబు చెప్తాను, మాత్రలు ఎక్కువగా వృథా అయ్యేది అక్కడే కాబట్టి. గుండెల్లో మంట, పుల్లటి త్రేన్పులు ఏవీ లేని మనిషికి ఆస్తమా అదుపులోకి వస్తుందన్న ఆశతో పీపీఐ ఇవ్వడానికి ఆధారం లేదండి. ఆ పని చేసి చూశారు కూడా. 2009లో వెలువడిన అమెరికా ట్రయల్‌లో ఆస్తమా అదుపులో లేని, మంట దాదాపు లేని 412 మందిని తీసుకున్నారు. వాళ్లలో కొందరికి ఎసోమెప్రజోల్ అనే పీపీఐ 40 మి.గ్రా. రోజుకి రెండుసార్లు, మిగతావాళ్లకి ఉత్తుత్తి మాత్ర, 24 వారాలు ఇచ్చారు. ఆస్తమాలో ఆ రెండు గుంపుల మధ్యా తేడా రాలేదు. అన్నవాహికలో ఆమ్లాన్ని కొలిచే పీహెచ్ పరీక్షలో సుమారు 40 శాతం మందికి రిఫ్లక్స్ ఉన్నట్టు తేలింది, విచిత్రంగా వాళ్లకీ మాత్ర కలిసిరాలేదు. 2012లో 306 మంది పిల్లల మీద లాన్సోప్రజోల్ అనే ఇంకో పీపీఐతో చేస్తే అదే ఫలితం. పైగా మందు వేసుకున్న పిల్లలకి జలుబులు, గొంతునొప్పులు ఎక్కువయ్యాయి.

మీరు చెప్పిన కేసు అది కాదు. ఇక్కడ మంట ఉంది, నోట్లో పులుపు ఉంది, రాత్రి మెలకువ ఉంది. 2006 నాటి మరో ట్రయల్‌లో రిఫ్లక్స్ లక్షణాలు, రాత్రి ఆస్తమా రెండూ ఉన్నవాళ్లలో ఎసోమెప్రజోల్‌తో పీక్ ఫ్లో (ఒక్క ఊపున ఊదినప్పుడు గాలి బయటికొచ్చే వేగం) కొంచెం పెరిగింది. ఆ "కొంచెం" అన్న మాట మర్చిపోకండి. ఆస్తమాకి అది మందు కాదు, రాత్రిపూట ఆస్తమాని రెచ్చగొట్టే ఒక కారణాన్ని తీసేస్తుంది, అంతే.

ఎలా రెచ్చగొడుతుందంటే రెండు దారులు. ఒకటి, ఆమ్లం గొంతుదాకా వచ్చి చుక్కో అరచుక్కో శ్వాసనాళంలోకి జారడం. నిద్రలో మింగడం బాగా తగ్గిపోతుంది, లాలాజలమూ తగ్గుతుంది, కాబట్టి పైకొచ్చింది త్వరగా కిందికి పోదు. రెండోది, ఆమ్లం పైదాకా రాకుండానే జరిగేది. అన్నవాహిక, శ్వాసనాళాలు పిండదశలో ఒకే గొట్టం నుంచి విడివడినవి, రెండింటికీ మెదడు నుంచి దిగే వేగస్ నరమే దిక్కు. అన్నవాహిక కింది భాగంలో ఆమ్లం తగిలితే ఆ నరం ద్వారానే శ్వాసనాళాలు కాస్త బిగుసుకుంటాయి, దగ్గు సున్నితత్వం పెరుగుతుంది. ఈ రెండో దారిలో ఊపిరితిత్తుల కొలతల్లో కనిపించే మార్పు చిన్నదే. అప్పటికే వాచి, చిరాగ్గా ఉన్న శ్వాసనాళాలకి మాత్రం ఆ చిన్నదే చాలు.

ఇంకో సంగతి చాలామంది వదిలేస్తారు: ఆస్తమా కూడా రిఫ్లక్స్‌ని పెంచుతుంది. ఆయాసంలో ఊపిరి బలంగా లాగుతున్నప్పుడు ఛాతీలో ఒత్తిడి బాగా పడిపోతుంది, పొట్టలో ఒత్తిడి అలాగే ఉంటుంది, కడుపులో ఉన్నది పైకి పీల్చినట్టవుతుంది. గాలి బయటికి పోక ఊపిరితిత్తులు ఉబ్బితే డయాఫ్రం (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం) చదునైపోతుంది. అన్నవాహిక చివర్న కవాటానికి బయటినుంచి పట్టు ఇచ్చేది ఆ డయాఫ్రమే. దగ్గు సంగతి సరేసరి, ప్రతి దగ్గుకీ పొట్ట నొక్కుకుంటుంది. అందుకే మంట ఎక్కువైంది కాబట్టి ఆస్తమా పెరిగిందని వెంటనే అనేయకండి. అదుపు తప్పిన ఆస్తమాయే మంటని తెచ్చి ఉండొచ్చు.

స్పైరో_డెస్క్

మొదటి ప్రశ్నకి నాది ఒకటే మాట: రెండు వారాల డైరీ. లక్షణాల డైరీ ఒక్కటే అయితే చాలదు, పీక్ ఫ్లో అంకె పక్కన ఉండాలి. "ఛాతీ పట్టేసింది" అన్న మాట ఆస్తమాలోనూ వస్తుంది, రిఫ్లక్స్‌లోనూ వస్తుంది, గుండె జబ్బులోనూ వస్తుంది. పీక్ ఫ్లో మీటర్ మాత్రం గాలి ఎంత వేగంగా బయటికొచ్చిందో చెప్తుంది, ఇంకేం చెప్పదు.

పొద్దున లేవగానే ఇన్హేలర్‌కి ముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి. నిలబడి, ముల్లు సున్నా దగ్గర పెట్టి, నిండా గాలి పీల్చి, పెదవులు బిగించి, ఒక్క ఊపున ఊదాలి. మూడుసార్లు ఊది వాటిలో పెద్ద అంకె రాయాలి, సగటు కాదు. నాలుక మూతికి అడ్డం పడితే అంకె తక్కువొస్తుంది, ఉమ్మినట్టు బుగ్గలతో ఊదితే ఎక్కువొస్తుంది. మూడు అంకెలు దగ్గర దగ్గరగా లేకపోతే ఊదడంలోనే ఏదో తేడా ఉందన్నమాట.

ఆ రోజు పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేసి, రెండింటి సగటుతో భాగించండి. పొద్దున 340, సాయంత్రం 400 అనుకుందాం. తేడా 60, సగటు 370, అంటే 16 శాతం. రెండు వారాల రోజుల శాతాలన్నీ కలిపి సగటు కట్టినప్పుడు పెద్దవాళ్లలో 10 దాటితే శ్వాసనాళాలు నిజంగానే ఊగిసలాడుతున్నాయని లెక్క. పిల్లల్లో 13.

అసలు విషయం రాత్రి మెలకువ వచ్చినప్పుడు ఉంది. మీటరు తలగడ పక్కనే ఉండాలి. ముందు ఊదాలి, తర్వాతే పఫ్. ఆయాసం మరీ ఎక్కువగా ఉంటే మాత్రం లెక్కలు పక్కనపెట్టి మందే ముందు. పఫ్ తర్వాత 15 నిమిషాలకి మళ్లీ ఊదాలి. డైరీలో ఒక వరస ఇలా ఉంటుందనుకోండి: "భోజనం 9:40, పడక 10:30, మెలకువ 1:15, దగ్గు, నోట్లో పులుపు, పీక్ ఫ్లో 310, రెండు పఫ్‌లు, 1:30కి 390." ఇది నోట్లో పులుపున్నా ఆస్తమాయే. గొట్టాలు మూసుకున్నాయి, మందుకి తెరుచుకున్నాయి. ఆమ్లం దాన్ని మొదలుపెట్టి ఉండొచ్చు, అది వేరే చర్చ. ఇంకో రాత్రి అదే దగ్గు, అదే పట్టేయడం, పీక్ ఫ్లో మాత్రం 385, పఫ్ తర్వాత 390. ఆ రాత్రి గొట్టాలకి ఏమీ కాలేదు. అలాంటి రాత్రులు నాలుగైదు ఉంటే రిలీవర్ కొట్టుకుంటూ పోవడంలో అర్థం లేదు, ఆమ్లం వైపో గొంతు వైపో చూడాలి. మీరు చెప్పిన మనిషికి రిలీవర్ ఒకసారి పనిచేసి ఇంకోసారి పనిచేయకపోవడానికి ఈ రెండు రకాల రాత్రులూ కలిసి ఉండటమే కారణం కావచ్చు.

జెలూసిల్ లాంటి యాంటాసిడ్ తాగితే తగ్గింది కాబట్టి అది గ్యాసే అనుకోవడం పొరపాటు. లేచి కూర్చుని పావుగంట ఆగితే ఆస్తమా, ఆమ్లం రెండూ కొంత తగ్గుతాయి, పేరు మాత్రం యాంటాసిడ్‌కి పోతుంది.

మందుల_కౌంటర్

రెండో ప్రశ్న. మామూలు మోతాదు రోజుకి ఒకటి (ఒమెప్రజోల్ 20, పాంటాప్రజోల్ 40, ఎసోమెప్రజోల్ 40, లాన్సోప్రజోల్ 30 మి.గ్రా.), 8 వారాలు. మంట పోవడానికి అది చాలావరకు సరిపోతుంది. రాత్రి ఆయాసానికి కూడా ఏమైనా తేడా ఉందా అని చూడాలంటే మూడు నెలల దాకా ఆగి చూసేవాళ్లున్నారు, డాక్టర్ రోజుకి రెండు కూడా రాస్తారు. ఆ మూడు నెలల్లో పీక్ ఫ్లో, రాత్రి మెలకువలు కదలకపోతే ఆస్తమా కోసం దాన్ని కొనసాగించొద్దు. మంట కోసం కావాలంటే అది వేరే లెక్క.

ఈ మాత్ర పనిచేయలేదన్న ఫిర్యాదులో సగం వేసుకునే టైముదే. రాత్రి భోంచేసి, పడుకోబోతూ వేసుకుంటారు. కడుపులో ఆమ్లం తయారుచేసే పంపులు తిండి లోపలికి వచ్చినప్పుడే పనిలోకి దిగుతాయి, పీపీఐ పనిలో ఉన్న పంపునే పట్టుకోగలదు. రక్తంలో అది ఉండేది గంట, రెండు గంటలు. పడుకునే ముందు వేసుకుంటే పంపులు సద్దుమణిగేసరికి మందు వచ్చి, ఎవరూ దొరక్క వెళ్లిపోతుంది. అందుకని భోజనానికి 30 నుంచి 60 నిమిషాల ముందు. బాధ రాత్రిదైతే రాత్రి భోజనానికి ముందు. పంపులన్నీ ఒక్క రోజులో చిక్కవు, పూర్తి ప్రభావానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. రెండు రోజులు వేసి "పనిచేయట్లేదు" అని మానేస్తే అసలు వేసి చూసినట్టే కాదు. మాత్ర నమలకూడదు, నూరకూడదు, పైన ఉన్న పూత కడుపులోని ఆమ్లం నుంచి మందుని కాపాడటానికే.

అప్పటికప్పుడు మంట తగ్గాలంటే ఆల్జినేట్ ఉన్న సిరప్ మేలు. భోజనం తర్వాత తిండి పైన తేలే ఆమ్లపు పొర మీద జెల్ తెట్టులా కట్టి పైకి రాకుండా అడ్డుకుంటుంది. భోజనం అయ్యాక, పడుకునే ముందు తాగాలి. దాని మీద మళ్లీ గ్లాసెడు నీళ్లు తాగేస్తే తెట్టు చెదురుతుంది.

ఇప్పుడు మందుల చీటీ మొత్తం ఒకసారి చూడండి, తరచుగా తప్పు అక్కడే దొరుకుతుంది. ఆయాసానికిచ్చే థియోఫిలిన్ రకం మాత్రలు అన్నవాహిక కవాటాన్ని వదులు చేస్తాయి, ఆమ్లాన్నీ పెంచుతాయి. ఆయాసానికని వేసుకునేది మంటని తెస్తుంది, ఆ మంట మళ్లీ దగ్గుని తెస్తుంది. రిలీవర్‌లో ఉండే సాల్బుటమాల్‌ని మాత్రగానో సిరప్‌గానో వాడుతుంటే అదీ కవాటాన్ని వదులు చేస్తుంది, ఇన్హేలర్‌లో మోతాదు చాలా తక్కువ కాబట్టి ఆ బెడద తక్కువ. బీపీకి ఇచ్చే ఆమ్లోడిపిన్ కుటుంబం, ఛాతీనొప్పికి ఇచ్చే నైట్రేట్లు కూడా అంతే. థియోఫిలిన్ మీద ఉన్నవాళ్లకి ఎసిడిటీకని సిమెటిడిన్ ఇవ్వకూడదు. రక్తంలో థియోఫిలిన్ పెరిగిపోయి వాంతులు, గుండెదడ, మరీ ఎక్కువైతే ఫిట్స్ దాకా వెళ్తుంది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ అయితే రెండంచుల కత్తి: కడుపునీ కోస్తాయి, కొందరు ఆస్తమా వాళ్లకి గంట రెండు గంటల్లో తీవ్రమైన ఆయాసం తెస్తాయి. వీటిలో దేన్నీ సొంతంగా ఆపొద్దు, డాక్టర్‌కి చీటీ చూపించి అడగండి.

ఊపిరి_లెక్క

బాగా ఉపయోగపడింది, థ్యాంక్సండి. భోజనానికి ముందు అన్న పాయింటు ఒక్కటే చాలా మార్చేలా ఉంది. ఇంకో రెండు. మాత్ర సరైన టైములో 8 వారాలు వేసుకున్నాక మంట పోయింది, దగ్గు మాత్రం పోలేదనుకోండి, తర్వాతి అడుగు ఏంటి? మంచం తల వైపు ఎత్తడం అంటే రెండు తలగడలు పెట్టుకుంటే సరిపోతుందా?

రాత్రి_డ్యూటీ

తలగడలు వద్దండి. తలగడ మీద తలగడ పెడితే మెడ, నడుం దగ్గర మడత పడి పొట్ట నొక్కుకుంటుంది, రిఫ్లక్స్ తగ్గకపోగా పెరుగుతుంది. ఎత్తాల్సింది తల కాదు, మొండెం మొత్తం. మంచం తల వైపు రెండు కాళ్ల కింద 15 నుంచి 20 సెం.మీ. ఎత్తు చెక్క దిమ్మెలు పెట్టండి. మంచం కాలు జారిపోకుండా దిమ్మె మధ్యలో గుంట ఉండాలి, ఇటుకలు ఒకదానిమీద ఒకటి పేర్చితే అర్ధరాత్రి పక్కకి తిరిగినప్పుడు కూలతాయి. అది కుదరకపోతే నడుం నుంచి తలదాకా వాలుగా ఉండే ఫోమ్ వెడ్జ్. మొదటి రెండు మూడు రాత్రులు కిందికి జారినట్టుంటుంది, అలవాటవుతుంది.

ఎడమ పక్కకి తిరిగి పడుకోవాలి. అలా ఉంటే కడుపు అన్నవాహిక కవాటం కన్నా కిందికి ఉంటుంది, కుడి పక్కకి తిరిగితే కవాటం ఆమ్లంలో మునుగుతుంది. రాత్రి భోజనానికీ పడకకీ మధ్య మూడు గంటలు. ఆస్తమా వాళ్లు పెద్ద భోజనం మధ్యాహ్నమే చేసేయాలని పేరుమోసిన వైద్యుడు విలియం ఆస్లర్ వందేళ్ల కిందటే చెప్పాడు, పీపీఐలు లేని రోజుల్లో అంతకన్నా మంచి మందు లేదు మరి. బరువు ఎక్కువున్నవాళ్లకి బరువు తగ్గడం రెండు జబ్బులకీ పనికొస్తుంది.

ఒక హెచ్చరిక. మాట్లాడుతుంటే వాక్యం పూర్తికాకపోవడం, పీక్ ఫ్లో ఆ మనిషి బాగున్నప్పటి అంకెలో సగానికి పడిపోవడం, పెదాలు నీలమవడం, రిలీవర్ పనిచేయకపోవడం: ఇవుంటే గ్యాసా ఆస్తమానా అని ఆలోచిస్తూ కూర్చోవద్దు, స్పేసర్‌తో (ఇన్హేలర్‌కి తగిలించే గొట్టంలాంటి డబ్బా) ఒక్కో పఫ్ ఇస్తూనే ఆస్పత్రికి బయల్దేరాలి. ఛాతీ బరువుగా ఉండి చేతికో దవడకో పాకుతూ చెమటలు పడితే అది గుండె సంగతని అనుకునే వెళ్లాలి. రక్తపు వాంతి, తారులాంటి నల్ల విరేచనం, మింగుడు పడకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే మాత్ర వేసి చూడటం కాదు, ఎండోస్కోపీ.

అన్నవాహిక

మంట పోయి దగ్గు మిగిలిందంటే రెండు అర్థాలు. దగ్గుకి ఆమ్లం కారణం కాదన్నది మొదటిది, ఎక్కువసార్లు అదే నిజం. పీపీఐ ఆమ్లాన్ని తగ్గిస్తుంది గానీ పైకి తన్నడాన్ని ఆపదు, ఆమ్లం లేని ద్రవం ఇంకా పైకొస్తోందన్నది రెండోది. తేల్చడానికి 24 గంటల పీహెచ్-ఇంపీడెన్స్ పరీక్ష ఉంది, ఆమ్లం లేని ద్రవం పైకొచ్చినా అది పట్టుకుంటుంది. ముక్కులోంచి సన్నటి తీగ దింపి, దాని సెన్సరు కవాటానికి 5 సెం.మీ. పైన ఉండేలా పెడతారు. దగ్గు వచ్చినప్పుడల్లా పరికరం మీద బటన్ నొక్కాలి. అది మర్చిపోతే పరీక్షలో సగం విలువ పోయినట్టే, ఎందుకంటే దగ్గుకి ముందు రిఫ్లక్స్ జరిగిందా, తర్వాత జరిగిందా అన్నది దాన్నిబట్టే తెలుస్తుంది. మొత్తం సమయంలో పీహెచ్ 4 కన్నా తక్కువ ఉన్నది 4 శాతం లోపైతే మామూలు, 6 దాటితే రిఫ్లక్స్ ఖాయం, మధ్యలో ఉంటే మిగతా వివరాలతో కలిపి చూడాలి. ఆస్తమా కోసమే కవాటానికి ఆపరేషన్ అంటే మాత్రం, ఈ పరీక్ష చేయకుండా ఎవరు చెప్పినా ఒప్పుకోకండి.

ముద్ద దిగక గొంతు కింద ఆగుతుందని, నీళ్లు తాగి దింపాల్సి వస్తోందని చెప్తే ఇంకో జబ్బు గుర్తుకు రావాలి: ఇయోసినోఫిలిక్ ఈసోఫజైటిస్, అంటే అలర్జీ తరహాలో అన్నవాహిక వాచడం. అలర్జీ, ఆస్తమా ఉన్నవాళ్లలో ఎక్కువ. ఎండోస్కోపీలో పైకి మామూలుగా కనిపించినా అన్నవాహిక గోడ నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షకి పంపాలి.

స్పైరో_డెస్క్

దానికి నాది ఒక చేర్పు. ఊపిరి వదిలేటప్పుడు కాకుండా పీల్చేటప్పుడు ఇబ్బంది, బిగుతు ఛాతీలో కాక గొంతులో, వచ్చినంత వేగంగా నిమిషాల్లో పోవడం: ఇది స్వరపేటిక బిగుసుకోవడం కావచ్చు. ఆమ్లం గొంతుని చిరాకుపెట్టినా వస్తుంది, ఆస్తమాలా కనిపిస్తుంది, రిలీవర్‌కి లొంగదు. పీపీఐ కన్నా స్పీచ్ థెరపిస్టు నేర్పే శ్వాస వ్యాయామాలే దీనికి పనిచేస్తాయి.

ఇంకోటి, స్టెరాయిడ్ ఇన్హేలర్ వాడాక నోరు పుక్కిలించి ఉమ్మని వాళ్లకి గొంతులో బూజు పట్టి మంట పుడుతుంది. దాన్ని కూడా ఎసిడిటీ అనుకుంటారు. నాలుక మీద, అంగిట్లో తెల్లటి పొర ఉందేమో టార్చి వేసి చూడండి.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే పొరపాటు: పీపీఐతో రాత్రులు బాగుంటున్నాయని స్టెరాయిడ్ ఇన్హేలర్ మానేయడం. ఇన్హేలర్ తగ్గించాలంటే సుమారు మూడు నెలలు ఆస్తమా పూర్తిగా అదుపులో ఉండాలి, అప్పుడు కూడా మెట్టు మెట్టుగా, డాక్టర్ చూస్తుండగా.

మందుల_కౌంటర్

మానడం సంగతి వచ్చింది కాబట్టి: పీపీఐని కూడా నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే కొన్నాళ్లు ఆమ్లం మునుపటికన్నా ఎక్కువ తయారవుతుంది. మంట తిరిగొస్తుంది, "ఈ మాత్ర లేకపోతే బతకలేను" అనిపిస్తుంది. అది జబ్బు తిరగబెట్టడం కాదు, మందు వదిలిన కక్ష. రెండుపూటల వాళ్లు ఒకపూటకి, తర్వాత రోజు మార్చి రోజుకి, మధ్య రోజుల్లో ఆల్జినేట్‌తో నెట్టుకొస్తే చాలామందికి రెండు నుంచి నాలుగు వారాల్లో కుదురుకుంటుంది. ఏళ్ల తరబడి వాడాల్సి వస్తే బి12, మెగ్నీషియం అప్పుడప్పుడు చూపించుకోవాలి.

ఊపిరి_లెక్క

అర్థమైంది. ముందు రెండు వారాల డైరీ, రాత్రి మీటరుతో సహా. దాంతో పాటే మంచం ఎత్తు, భోజనం టైము. ఆఖరిగా చిన్నది: కాఫీ ఆయాసానికి మంచిదంటారు, మంటకి చెడ్డదంటారు. ఏది నిజం?

స్పైరో_డెస్క్

రెండూ నిజమే. కెఫీన్ థియోఫిలిన్‌కి దగ్గరి చుట్టం, శ్వాసనాళాలని కొద్దిగా తెరుస్తుంది, ఆ ప్రభావం కొన్ని గంటలు ఉంటుంది. ఆ చుట్టరికం వల్లే కవాటాన్నీ వదులు చేస్తుంది. రిలీవర్‌కి బదులు పనికొచ్చేంత బలం దానికి లేదు. స్పైరోమెట్రీ (ఊది చేసే ఊపిరితిత్తుల పరీక్ష) చేయించుకునే రోజు మాత్రం పరీక్ష అయ్యేదాకా తాగకండి, అంకె అబద్ధం చెప్తుంది.